దొరకు ఇంగ్లిష్ ఇచ్చిండ్రు, భీంకు గోండి ఎందుకియ్యలే?



పోస్టు పెద్దగనే ఉంటది. మెట్రోల నిలబడి చదివేటోళ్ళు సేవ్ చేసుకొని రాత్రి రూమ్‌కి పోయినంక చదువుకోండ్రి. మధ్యలో ఆపి కామెంట్ పెట్టకుండ్రి, అదొక్కటే రిక్వెస్టు.

మొన్న మన గ్రూపుల ఒక తమ్ముడు లిస్టు పెట్టిండు. ‘ఆర్ఆర్ఆర్’, ‘భీమ్లా నాయక్’, ‘పుష్ప’, ‘జై భీమ్’, ‘కాంతార’. కింద ఏం రాసిండంటే, ఇప్పుడు సినిమా అంతా మన చుట్టే తిరుగుతుంది, మన టైం వచ్చింది, ఇంకా మాకు గుర్తింపు లేదని ఏడుపెందుకు అని. లైకులు బాగానే వచ్చినయ్. నేను కూడా కొట్టిన. పొద్దున లేచి తీసేసిన. ఎందుకు తీసేసిన్నో చెప్పుకుందామని ఈ పోస్టు. ఆ తమ్ముడి మీద కోపం లేదు. రెండేండ్ల కింద అయితే అదే లిస్టు నేను పెట్టేటోణ్ణి.

మాది దేవరకొండ దిక్కు తాండా. నాలుగేండ్ల సంది దిల్‌సుఖ్‌నగర్ల గ్రూప్స్‌కి చదువుతున్న. చదువుతున్న అనే కంటే చదువుకుంట సినిమాలు చూస్తున్న అంటే కరెక్టు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఏ థియేటర్ల ఏ రేటో నన్నడగండ్రి. కాబట్టి ఇది సినిమాలంటే పడనోడి మాట కాదు, ఈల వేసినోడి మాటనే.

‘ఆర్ఆర్ఆర్’ 2022 మార్చి 25న వచ్చింది. మొదటి వారంలనే ఎల్బీనగర్‌ల చూసిన. జంతువులన్నీ లారీలకెళ్ళి దుంకే సీనుకు గొంతు పోయేదాక అరిచిన. మళ్ళ మొన్న ఆదివారం హాస్టల్ కింద టీవీల వేసిండ్రు. నా పక్కన మా రూమ్మేట్ అన్న కూసున్నడు. ఆయనది ఉట్నూరు వైపు, గోండు. సినిమా అంతా ఒక్క మాట అనలేదు. చివర్ల ఒక సీను ఉంటది గదా, రాజు భీంను ఏం కావాలో అడుగుతడు, భీం చదువు కావాలంటడు, తనకూ తన జాతికీ. అప్పుడు అన్న లేచి మెట్లెక్కి పోయిండు.

రాత్రి అడిగిన, ఏమైందన్నా అని. “భీం చదువు రానోడు కాదు తమ్మీ,” అన్నడు. అంతే.

భీం గురించి చెప్పుకునే జీవితకథల్లో ఎక్కువ వినబడేది ఇది: ఊరు విడిచిపోయినంక చంద్రాపూర్‌ల విఠోబా అనే ప్రెస్సు నడిపే మనిషి దగ్గర చదవడం, రాయడం నేర్చుకున్నడని. తర్వాత అస్సాం తేయాకు తోటలకు పోయి, అక్కడి కూలీల పోరాటం చూసి, తిరిగొచ్చి పన్నెండు గూడేలను ఒక్కటి చేసిండు. నిజాం సర్కారుతో పట్టాల గురించి, పశువుల మీద వేసే పన్ను గురించి వాదించినోడు. 1940ల జోడేఘాట్ గుట్టల మీద చనిపోయేనాటికి ఆయనకు ఏం కావాలో ఆయనకు బాగా తెలుసు. పక్కోడు అడిగితే గాని యాదికి రాని మనిషి కాదు.

అసలు విషయం చదువు ఒక్కటే కాదు, భాష. మళ్ళొకసారి సినిమా చూడండ్రి, ఈసారి చెవులతోని.

కథ మొదలయ్యేదే భాష మీద. దొరసానికి మల్లి నచ్చుతది, నాణేలు పడేస్తది. తల్లి అవి పిల్ల పాటకు ఇచ్చిన బహుమానం అనుకుంటది. పిల్లను కారెక్కించుకొని పోతుంటే గాని అది పిల్లకు కట్టిన ధర అని తెల్వదు. అంటే ఎదుటోడి భాష రాకపోతే ఇంట్ల పిల్లలే పోతరని రాసినోళ్ళకు తెలుసు. తర్వాత జెన్నీకి భీం మాట రాదు, భీంకు జెన్నీ మాట రాదు, ఆ కామెడీ అంతా దాని మీదనే. స్కాట్ దొర మొదటి నుంచి చివరి దాక ఇంగ్లిష్‌లనే మాట్లాడుతడు. మనం నోరు మూసుకొని విన్నం. సిరిసిల్లల చూసినోళ్ళు కూడా విన్నరు, సీలేరుల చూసినోళ్ళు కూడా విన్నరు. ఎవడూ ఇంగ్లిష్ రాదని టికెట్ చింపేసి బయటికి రాలే.

మరి భీం? అక్తర్ వేషంల ఉన్నప్పుడు తురక యాస వేసిండు, సరే. వేషం తీసేసినంక? తనతోని వచ్చిన గోండు మనుషులతో, తలుపేసుకొని, వినేటోడు ఎవడూ లేని గదిల మాట్లాడుకునేటప్పుడు? తెలుగే. కొరడా దెబ్బలు తినుకుంట పాడిన పాట? తెలుగే. కన్నబిడ్డను పోగొట్టుకున్న తల్లి ఏడుపు కూడా తెలుగుల. మనిషికి దెబ్బ తగిలితే ఏ భాషల అమ్మా అంటడో మనకు తెల్వదా?

దొరకు ఇంగ్లిష్ ఇచ్చిండ్రు. భీంకు గోండి ఇయ్యలే. వందల కోట్లు పెట్టిన సినిమా అది. ఇంకో ముచ్చట చెప్తా, ఇది చదివి నాకే సిగ్గనిపించింది. భీంను చంపిన నిజాం సర్కారే, ఆ తర్వాత గోండుల అలజడి ఎందుకొచ్చిందో తెలుసుకోమని హైమన్‌డార్ఫ్‌ను పెట్టుకుంది. ఆయన 1943ల మార్లవాయిల గోండు టీచర్లకు శిక్షణ కేంద్రం పెట్టించి, గోండిల వాచకాలు తయారు చేయించిండు. నిజాం సర్కారుకు తట్టిన పని ఎనభై ఏండ్ల తర్వాత మన తెలుగు సినిమాకు తట్టలే.

‘ఇది కల్పిత కథ అని ముందే బోర్డు వేసిండ్రు గదా’ అని అంటరు. వేసిండ్రు. నేనూ ఒప్పుకుంట. పులితో కొట్లాట ఊహించుకున్నరు, బ్రిడ్జి మీదకెళ్ళి తాడు పట్టుకొని ఊగుడు ఊహించుకున్నరు. అన్ని ఊహించుకున్నోళ్ళు తన భాష మాట్లాడే, రాయడం వచ్చిన గోండును మాత్రం ఊహించుకోలేకపోయిండ్రు. కల్పన అన్నందుకే ఎక్కువ అడగాలె. నిజానికి కట్టుబడి ఉంటే అట్ల జరిగిందని చెప్పుకోవచ్చు. కల్పన అయితే అది వాళ్ళ మనసుల ఉన్న బొమ్మ. ఆ బొమ్మ ఎట్లుందో సినిమాలనే చెప్పిండ్రు: నిజాం మనిషి వచ్చి దొరలకు హెచ్చరిక ఇస్తడు చూడండ్రి, గోండులు గొర్రెల మందలాంటి అమాయకులు, కాకపోతే వాళ్ళకొక కాపరి ఉంటడు అని. మనం ఆ డైలాగుకు చప్పట్లు కొట్టినం. కాపరి ఎంట్రీ వస్తుందని కొట్టినం. గొర్రెలెవరో సోయి లేదు.

ఇక్కడ ఒక మాట. నేను లంబాడోణ్ణి, భీం గురించి నువ్వెందుకు మాట్లాడుతున్నవ్ అని కొందరంటరు, నాకు తెలుసు. 2017 సంది మన రెండు దిక్కుల మధ్య ఏం నడుస్తుందో ఈ గ్రూపుల అందరికీ తెలుసు, ఆ లొల్లి ఇక్కడ పెట్టను. మా రూముల మేమిద్దరం దాని గురించి మాట్లాడుకోం, బియ్యం మాత్రం ఒకటే కుక్కర్ల పెడతం. కానీ తెరమీద మనల్ని చూపిచ్చేటప్పుడు ఆ తేడాలు వాళ్ళకు లేవు. ఈక పెట్టుకున్నోడైనా, అద్దాల గాగ్రా కట్టుకున్నదైనా, వాళ్ళకు అంతా ఒకటే కాస్ట్యూమ్ పెట్టె.

అందుకే మా దిక్కు సంగతికే వస్త.

‘భీమ్లా నాయక్’. ‘ఆర్ఆర్ఆర్’ కంటే సరిగ్గా నెల ముందు, ఫిబ్రవరి 25. పవన్ కల్యాణ్ సినిమాకు లంబాడోళ్ళ పేరు. ఆ పోస్టర్ చూసిననాడు నేను చైతన్యపురి మెట్రో కింద ఫోటో దిగి మా తాండా వాట్సాప్‌ల పెట్టిన. మా చిన్నాయన పేరు భీమ్లా. ఆయన జీవితంల మొదటిసారి తన పేరు కటౌట్ మీద చూసుకున్నడు. టైటిల్ పాట మొదట్ల కిన్నెర మొగులయ్య గొంతు వస్తది, నాగర్‌కర్నూల్ దిక్కు కళాకారుడు, దక్కలి కులం, ఆ ఏడాదే పద్మశ్రీ వచ్చింది. ఆ పాటల తాండా అనే మాట ఉంది. ఇవన్నీ మంచిగున్నయ్, కాదనను.

సినిమాల లోపలికి పోతే? భీమ్లా నాయక్ ఎస్సై. నడుస్తడు, కొడతడు, మీసం తిప్పుతడు. యాడి అని ఒకసారి పిలిచిండా? కోపమొస్తే గోర్‌బోలిల ఒక్క తిట్టు తిట్టిండా? మా తాండాల డిగ్రీ ఫెయిలైనోడు కూడా కోపమొస్తే ముందు గోర్‌బోలిల తిట్టి, ఎదుటోనికి అర్థం కాలేదని మళ్ళ తెలుగుల తిడతడు.

దీని మూలం మలయాళం, ‘అయ్యప్పనుం కోషియుం’, 2020. అది చూసినోళ్ళకు తెలుసు. కథ అట్టప్పాడిల జరుగుతది, అయ్యప్పన్ భార్య కన్నమ్మ ఆదివాసీ ఉద్యమకారిణి. ఆ సినిమా డైరెక్టర్ సచీ అట్టప్పాడికి చెందిన నంజమ్మ అనే ఇరుళ పెద్దమనిషితో పాట పాడించిండు. ఆమె భాషల, ఆమె పాట. వేషం కూడా వేయించిండు. 2022ల నంజమ్మకు జాతీయ అవార్డు వచ్చింది, ఉత్తమ గాయని. సంగీతం నేర్చుకోని మనిషికి ఎట్లిస్తరని కొందరు గొడవ చేసిండ్రు కూడా. అంటే ఒకటే కథ. కేరళల ఆదివాసీ నోరు తెరిచింది. మన దగ్గరికి వచ్చేసరికి లంబాడీ పేరు వచ్చింది, లంబాడీ నోరు రాలే.

పేరు ముచ్చట వచ్చింది గనుక ‘పుష్ప’ కూడా చెప్పుకోవాలె. పుష్పరాజ్‌కి ఉన్న పెద్ద బాధ ఇంటి పేరు లేకపోవడం. అది దొరకాలని రెండు సినిమాలు, ఆరు గంటలు. నాకు ఆ బాధ మస్తు పట్టింది, అబద్ధం చెప్పను. కానీ ఇంటర్వెల్‌ల సమోసా తినుకుంట నవ్వొచ్చింది. ఆయన ఇంటి పేరు కోసం చస్తున్నడు, నేను నాది దాచుకుంటున్న. కొత్తపేటల రూమ్ కోసం తిరిగినప్పుడు ఒక ఓనరమ్మ అన్నీ అడిగింది, అడ్వాన్స్ ఎంతో చెప్పింది, బాత్రూమ్ చూపిచ్చింది. ఆఖరికి పేరు అడిగింది. ఇంటి పేరుతో సహా చెప్పిన. “మా చుట్టాలొస్తున్నరు బాబూ, మర్చిపోయిన,” అన్నది. తర్వాత రూమ్‌కి పోయినప్పుడు ముందర ఒక్క అక్షరం, వెనక ‘కుమార్’ అని చెప్పిన. దొరికింది. మీలో ఎంతమంది కుమార్‌లున్నరో నాకు తెలుసు.

ఇంకోటి. పుష్పరాజ్ కూలీగ మొదలై సిండికేట్‌కు రాజైతడు. శేషాచలం అడవిల నిజంగ కూలీలుగ మొదలైనోళ్ళు ఏమైండ్రో కూడా రికార్డులనే ఉంది. 2015 ఏప్రిల్ 7న ఎన్‌కౌంటర్ పేరు మీద 20 మంది పోయిండ్రు, అందరూ తమిళనాడు నుంచి వచ్చిన కూలీలు, వాళ్ళల్ల జవ్వాదు కొండల గిరిజనులున్నరు. వాళ్ళకు ఎలివేషన్ లేదు, బీజీఎం లేదు. ఎర్రచందనం దుంగల పక్కన పడేసిన ఫోటోలున్నయ్ అంతే. పార్ట్ త్రీ వస్తే అది చూపిస్తరని నేను అనుకుంటలేను.

‘జై భీమ్’ దగ్గర నేను కొంచెం ఆగిపోత. 2021ల ప్రైమ్‌ల తెలుగుల వచ్చింది, ఒకటే ఫోన్ల ఆరుగురం చూసినం. అందరూ అనేది లాయరే హీరో, మనోళ్ళు ఏడ్చుడే అని. నిజమే. సినతల్లి పాత్ర వేసిన అమ్మాయి కూడా ఇరుళ కాదు, కేరళ నటి. అయినా ఆ సినిమాను నేను ‘ఆర్ఆర్ఆర్’ పక్కన పెట్టను. ఎందుకంటే కేసు వదిలేయమని పెద్ద ఆఫీసరు పైసలిస్తానంటే ఆమె వద్దంటది, ఎందుకు వద్దో ఆమెనే చెప్తది. లాయరు చెప్పడు. చివర్ల చిన్నపిల్ల లాయరు ముందర పేపర్ పట్టుకొని, కాలు మీద కాలేసుకొని కూసుంటది. చదువు కావాలని ఎవని కాళ్ళ దగ్గరా అడుగదు. రెండు సినిమాల చివరి సీన్లు పక్కపక్కన పెట్టి చూడండ్రి, నేను ఇంతసేపు చెప్పిందంతా అందులనే ఉంది.

‘జై భీమ్’ చూసి లాకప్పులంటే తమిళనాడు ముచ్చట అనుకున్నం. 2023 ఆగస్టు 15 రాత్రి ఎల్బీనగర్ పోలీస్ స్టేషన్‌ల ఒక లంబాడీ తల్లిని కొట్టిండ్రని ఆరోపణ వచ్చింది. పేపర్ల వచ్చింది, ధర్నాలైనయ్, పోలీసులిద్దరిని సస్పెండ్ చేసిండ్రు. నేను టికెట్ కొనుక్కొని సినిమా చూసే చోటికి, ఆ స్టేషన్‌కి నడిచిపోయేంత దూరం. దాని మీద సినిమా తియ్యమని నేను అంటలేను. తీస్తే ఆ తల్లి తన బాధ ఏ భాషల చెప్తదో ముందు ఆలోచించుండ్రి అంటున్న.

అడవి ఆఫీసర్ల సంగతి పొట్టిగ చెప్త. 1977ల ‘అడవి రాముడు’ నుంచి చూడండ్రి, గూడెం జనాన్ని కాపాడేది ఫారెస్టు ఆఫీసరే, ఎన్టీఆర్. మన అవ్వలను అడగండ్రి, ఫారెస్టు జీపు సప్పుడు వినబడితే ఏం చేసేటోళ్ళో. ‘కాంతార’ల ఆఫీసరు మొదట్ల భూమి గుంజుకునేటోడు, చివరికి ఊరోళ్ళతో చేతులు కలిపేటోడు. బాగుంది. నల్లమల చెంచుల దగ్గర ఆ సీన్ చెప్పి చూడండ్రి. అయినా ‘కాంతార’కు నేనొక దండం పెడత. రిషబ్ శెట్టి తన కుందాపుర యాస వదల్లేదు, భూతకోలను ఐటమ్ పాట చెయ్యలేదు.

‘ఇట్లు మారేడుమిల్లి ప్రజానీకం’ ఎంతమంది చూసిండ్రు? 2022 నవంబర్, అల్లరి నరేష్. ఎలక్షన్ డ్యూటీకి పోయిన తెలుగు సారు, ఓటెయ్యమని మొండికేసిన గూడెం, అడిగేదేమో బడి, దవాఖాన, ఏటి మీద బ్రిడ్జి. లోపాలున్నయ్, సారే అన్నీ సక్కబెడతడు. కానీ అందుల గూడెం జనం గొర్రెలు కాదు. వాళ్ళు లెక్కేసుకుంటరు, కూడబలుక్కుంటరు, ఆఫీసర్లను ఇరకాటంల పెడతరు. మేం పోయిననాడు హాల్ల పట్టుమని ఇరవై మంది లేరు. ఆ లిస్టు పెట్టిన తమ్ముడు కూడా దీని పేరు రాయలే. హిట్టైనదే మనది, ఫ్లాపైంది వాళ్ళదా?

ఇప్పుడు అసలు వాదనకు వస్త. గోండి పెడితే ఎవనికి అర్థమైతది, గోర్‌బోలి పెడితే ఎవడు చూస్తడు, సినిమా అంటే వ్యాపారం గదా అంటరు. మనోళ్ళే అంటరు, అది ఇంకా బాధ.

మన అన్నల కాలంల తెలంగాణ యాస సినిమాల ఎవరికి ఉండేది? రౌడీకి, ఆటో డ్రైవర్‌కి, తాగుబోతు కమెడియన్‌కి. హీరో మాట్లాడితే కలెక్షన్లు రావన్నరు. ఉద్యమంల జనం దాన్ని అవమానం అని రోడ్డు మీద నిలబడి చెప్పిండ్రు. ఎల్బీనగర్ చౌరస్తాల శ్రీకాంతాచారి విగ్రహం కింద బస్సు కోసం నిలబడేటోళ్ళకు ఆ ఉద్యమం ఎంతదో చెప్పాల్సిన పని లేదు. తర్వాత ‘ఫిదా’ వచ్చింది, ‘దసరా’ వచ్చింది. 2023ల ‘బలగం’ వస్తే ఊర్లల్ల చౌరస్తాల తెర కట్టి చూసిండ్రు, ఆంధ్రాల కూడా చూసిండ్రు. మరి అదే తెలంగాణ సినిమాల మన తాండా భాష, గూడెం భాష ఏడ పోయింది? నిన్న మొన్నటి దాక తన యాసను ఎక్కిరిచ్చిండ్రని ఏడ్చినోడు ఇయ్యాల కోయదొర కామెడీకి నవ్వుతుంటే నేనేం అనాలె?

2025 జనవరిల ‘పాతాళ్ లోక్’ రెండో సీజన్ వచ్చింది. ఢిల్లీ పోలీసు నాగాలాండ్ పోతడు. అక్కడి జనం నాగామీస్‌ల మాట్లాడుతరు, కింద అక్షరాలు వస్తయ్. అక్కడి నటులు కూడా ఉన్నరు. మా హాస్టల్ల హిందీయే సగం అర్థం కానోళ్ళు కూర్చొని రెండు రాత్రులల్ల మొత్తం చూసిండ్రు. భాష అర్థం కాలేదని ఒక్కడు లేవలే. కొరియా సిరీస్‌లు చూసే మన చెల్లెండ్లకు గోండి బరువైతదా?

2011 జనాభా లెక్కల్లో గోండి మా మాతృభాష అని చెప్పినోళ్ళు 29 లక్షల పైన ఉన్నరు. లంబాడీ అయితే 32 లక్షల పైన, కాకపోతే దాన్ని హిందీ పద్దు కింద వేసిండ్రు. సర్కారు హిందీల కలిపింది, సినిమా తెలుగుల కలిపింది.

మనమేం చేసినం? నా సంగతి నేను చెప్త. మొన్న విక్టోరియా మెమోరియల్ స్టేషన్ దాటినంక యాడి ఫోన్ చేసింది. మెట్రో నిండ జనం. పక్కన ఒకమ్మాయి నిలబడ్డది. నేను తెలుగుల మాట్లాడిన. అటు నుంచి యాడి గోర్‌బోలిలనే అడుగుతుంది, నేను ఇటు నుంచి ‘ఆఁ, సరే, తిన్న, మళ్ళ చేస్త’ అంటున్న. ఫోన్ పెట్టేసినంక యాడి మళ్ళ చేసింది, పక్కన ఎవరైనా సార్లున్నరా బిడ్డా అని. ఆఁ అన్న. దానికి ఏ డైరెక్టర్‌ను తిట్టాలె? రేపు మనల్నుంచి ఒకడు డైరెక్టర్ అయితే ఆ మెట్రో సీన్ తీస్తడా, తెలుగుల తీస్తడా?

మా అన్నతోని అన్న, నువ్వు గోండిల భీం పాటలు పాడతవు గదా, ఫోన్ల రికార్డు చేద్దాం అని. ఎవరు వింటరు అన్నడు. నేను వింట అన్న. నీకు అర్థం కాదు గదా అన్నడు. స్కాట్ దొర మాట అర్థమైందా నాకు అన్న. చాన రోజుల తర్వాత నవ్విండు. రెండు పాటలు రికార్డు చేసినం, ఫ్యాన్ సప్పుడు కూడా పడ్డది, ఆయన ఒప్పుకుంటే ఇక్కడ పెడత.

ఆఖరికి ఒక పని. ‘భీమ్లా నాయక్’ నేను మూడుసార్లు చూసిన, గోర్‌బోలిల ఒక్క మాట నా చెవిన పడలే. నేను తప్పు కావచ్చు, ఈలల్ల వినబడకపోవచ్చు. ఎవరికన్నా వినబడితే ఏ నిమిషం, ఏ సెకనో కామెంట్ల రాయండ్రి. చూసి, ఆ పేరా తీసేస్త.